ఫౌల్ నాదే

ఆమె చనిపోయిన సంగతి నాకంటే ముందు సుజాతకు తెలిసింది. సుజాత ఫోన్ పెట్టేశాక నాకు మొదట కలిగిన బాధ అదే. అసలు బాధ తర్వాత వచ్చింది. ఈ వరుస మంచిది కాదని తెలుసు. కాని జరిగింది ఆ వరుసలోనే.

"మేడం, మన అక్క పోయింది," అంది సుజాత. ఆ 'మన' నాకు గుచ్చుకుంది.

జ్వరమని గద్వాలలో దవాఖానకు పోయిందట. వారం తిరగలేదు. ఆమె భర్త బస్సు కండక్టరు. కబురు చెప్పడానికి ఆయన ముందు వెతికిన నంబరు సుజాతది. "మీ నంబర్ ఆయన తాన లేదంట మేడం, అందుకే నన్ను చెప్పమన్నడు," అని సుజాత సర్దిచెప్పింది. నేను ఆమెతో ఒకే స్కూల్లో ఆరేళ్లు పనిచేశాను. సుజాత ఒక్కనాడు కూడా చేయలేదు.

నాగర్‌కర్నూలు నుంచి వనపర్తికి ఒక బస్సు, అక్కడి నుంచి బీచుపల్లి వంతెన మీదుగా గద్వాలకు ఇంకొకటి. నేను చేరేసరికి మట్టి చేయడం అయిపోయింది. సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది. సుజాత అక్కడే నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఉందని ఎవరో చెప్పారు. అది కూడా చెప్పకపోతే బాగుండు అనిపించింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే సంతోషించే మనిషి కాదు, నన్నడగక ఎందుకు రాసినవ్ అని నిలదీసే మనిషి.

అమరచింత దగ్గర ఒక హైస్కూల్లో ఆమె లెక్కలు చెప్పేది, నేను తెలుగు. ఒకే వారంలో చేరాం. ఆమె గద్వాల నుంచి జూరాల డ్యాం మీదుగా వచ్చే బస్సులో వచ్చేది. నేను ఆత్మకూరులో గది తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. నాకంటే మూడేళ్లు పెద్ద కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పండిత్ మేడం అనేది. మొదట్లో అందులో ఎగతాళి ఉండేది. తర్వాత అలవాటు మిగిలింది.

మా స్కూలుకు డ్రిల్లు సారు పోస్టు ఉండేది, సారు ఉండేవాడు కాదు. ఆటల బీరువాలో గాలిపోయిన వాలీబాలు ఒకటి, స్కిప్పింగు తాళ్లు రెండు, ఒక రబ్బరు రింగు ఉండేవి. చేరిన మూడో రోజో నాలుగో రోజో ఆమె ఆ రింగు తీసి దుమ్ము దులిపి చేతికి ఎక్కించుకుంది. ఆ ఆట అసలు పేరు టెన్నికాయిట్. మా దగ్గర రింగాట అంటారు. మధ్యలో తాడు కట్టి, అటొకరు ఇటొకరు నిలబడి రింగు విసురుకోవాలి. నేల మీద పడితే పాయింటు పోతుంది. ఒక్క చేత్తోనే పట్టాలి, పట్టిన చేత్తోనే వెంటనే విసరాలి. ఒంటికి తగిలితే ఫౌల్. రెండు చేతులు పెడితే ఫౌల్.

ఆ తర్వాత ఆమె చేతికి రింగు లేకుండా నేను చూసింది తక్కువ. ముంజేతి మీద లావు గాజులాగా వేలాడుతూ ఉండేది. వృత్తం గీయాలంటే దాన్ని బోర్డుకు ఆనించి చుట్టూ సుద్దముక్క తిప్పేది. సాయంత్రం బడి వదిలాక గద్వాల బస్సుకు ముక్కాలు గంట టైముండేది. ఆ ముక్కాలు గంట ఆటకు. జెండా కట్టెకూ వేపచెట్టుకూ మధ్య చేంతాడు కట్టేది. చెప్పులు రెండూ పక్కపక్కన, కాళ్లు ఇంకా అందులోనే ఉన్నట్టు పెట్టేది. గాజులు మోచేతి దాకా తోసుకుని, కొంగు నడుముకు రెండు చుట్లు చుట్టి, "రా పండిత్ మేడం," అనేది. నేను అప్పటికి పుస్తకంలో వేలు పెట్టుకుని ఉండేదాన్ని. "పుస్తకంల వేలు వెట్టుకోని ఆట ఆడేటోళ్లను నిన్నే చూస్తున్న. ఏడికి పోతది ఆ పేజీ?"

ఆటల గురించి ఆమెకున్నన్ని గట్టి అభిప్రాయాలు నాకు పుస్తకాల గురించి కూడా లేవు. నచ్చిన ఆట నచ్చింది, నచ్చనిది నచ్చలేదు, మధ్యలో ఏమీ లేదు. మా సోషల్ సారు క్రికెట్ ఉన్న రోజుల్లో చిన్న రేడియో చెవికి ఆనించుకుని స్టాఫ్ రూములో కూర్చునేవారు.

"ఏమైంది సార్?" అని అడిగేది.

"ఏం కాలేదు మేడం. రన్నులు రాలేదు ఈ ఓవర్ల."

"పొద్దుగాల నుంచి ఏం గాలేదనే చెప్తున్నరు. ఏం గానిదానికి గంత చెవి వెట్టుడెందుకు సార్?"

సారు నవ్వేవారు. ఆమె వదిలేది కాదు. "పదకొండు మందిల ఆడేది ఇద్దరు. మిగిలినోళ్లు చేను కావలి ఉన్నట్టు నిలబడ్తరు. గా నిలబడ్డోళ్లకు గూడ చప్పట్లు."

లెక్కల టీచరు కదా అని పెద్దసారు ఆమెకు చదరంగం అప్పగించబోయారు. "వద్దు సార్. క్లాసుల చేసేదే ఆటల గూడ చేస్తే ఇగ ఆట యాడుంది?" అంది. జాతరలో బండలాగుడు పోటీలకు మగ టీచర్లంతా పోతూ మమ్మల్నీ రమ్మన్నారు. "ఎడ్లను అడిగిండ్రా సార్, మీకు ఇష్టమేనా అని? ఆడేటోనికి ఆడాలని ఉండాలె. లేకుంటే అది పని." క్యారమ్స్ కూర్చుని ఆడేది కాబట్టి అసలు లెక్కలోకే రాదు. కబడ్డీని మాత్రం మెచ్చుకునేది. కూత ఆగిందో లేదో అందరికీ వినబడుతుంది, ఊపిరిని దొంగతనం చేయడానికి రాదు అనేది.

నాకు చిన్నప్పటి నుంచి ఖోఖో ఇష్టం. ఒకసారి ఆ మాట అన్నాను.

"ఖోఖోనా? ఒకరు వచ్చి వీపు మీద తడ్తె తప్ప లేవనీకె లేదు. అట్లనే గొంతుకూసోని ఎదురుచూడాలె. గది ఇంట్ల జాలదా నీకు, ఆటల గూడనా?"

ఆ తర్వాత నాకు ఖోఖో ఇష్టమని ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు నిజంగానే ఇష్టం పోయింది. ఒకరి మాటతో నా ఇష్టం అంత తేలిగ్గా చెరిగిపోయినందుకు నా మీద నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆమెకు అంత ఖచ్చితంగా ఇష్టాయిష్టాలు ఉన్నందుకు అసూయ కలిగింది.

ఆడవాళ్లకని పెట్టే పందేలంటే ఆమెకు ఒళ్లు మంట. కుర్చీలాట గురించి, "కుర్చీ కోసం తోసుకునుడు మన సార్లు ఆఫీసుల రోజూ ఆడ్తనే ఉన్నరు," అనేది. అన్నిటికంటే అసహ్యం నిమ్మకాయ చెంచా పందెం. నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ, అది పడకుండా నడవడం. "అది ఆట కాదే. అది వడ్డన. ఒలకకుండ తెమ్మనుడు. పెండ్లయినప్పటి నుంచి అదే చేస్తున్నం గదా, మళ్ల దానికి ప్రైజా?"

సాయంత్రం ఆటకు అంపైరు ఉండేవాడు కాదు. తప్పు ఎవరిదైతే వాళ్లే చెప్పాలని ఆమె నియమం పెట్టింది. తాడు అవతల నిలబడ్డ నాకు కనబడని తప్పులు కూడా చెప్పేది. రింగు చీర కుచ్చిళ్లను తాకిందని, రెండో చేతి చిటికెన వేలు తగిలిందని. "ఫౌల్ నాదే," అని రింగును తాడు కిందుగా నా వైపు దొర్లించేది. ఆ మాట చెప్పడానికి ఆమెకు క్షణం కూడా పట్టేది కాదు.

నా తప్పు ఒక్కటే. రెండు చేతులు పెట్టేదాన్ని. రింగు పడిపోతుందనిపించగానే రెండో చెయ్యి దానంతటదే లేచేది. ఎనిమిది నెలలు ఆమె ఓపికగా నేర్పింది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకోమంది, ఒకసారి నా కొంగుతోనే దాన్ని నడుముకు కట్టింది. కట్టు విప్పితే మళ్లీ అంతే. "నీ చేతుల తప్పు కాదు. నీకు నమ్మకం లేదు. పోతది, పోతది అనుకుంటనే పట్టుకుంటవ్," అంది.

ఆ ఎనిమిది నెలలు నా జీవితంలో మంచి రోజులు. దానికి ఇంకో మాట కలపను.

తర్వాత ఎండాకాలంలో ఆత్మకూరులో టీచర్లందరికీ పది రోజుల ట్రైనింగు పెట్టారు. సుజాతను అక్కడ చూశాం. పక్క ఊరి ప్రైమరీ స్కూలు టీచరు, కొత్తకోట కోడలు, మా ఇద్దరికంటే చిన్నది. అన్నం తినే గంటలో అక్క బయట రింగు తీసింది. సుజాత వచ్చి, "నేను ఆడొచ్చా అక్కా?" అని అడిగింది. నేను అక్కా అని పిలవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

సుజాతది ఎడమచేతి వాటం. రింగు తాడు దాటి పోతూ వస్తూ ఉంది, కింద పడటం లేదు. మొదట మాట్లాడుకుంటున్న టీచర్లు మాటలు ఆపి చూశారు. ఆమె ఎక్కడికి విసిరినా సుజాత అక్కడ ఉంది. సుజాత ఎంత లోతుగా విసిరినా ఆమె ఒక్క చేత్తో తీసింది. చివరికి రింగు పడినప్పుడు ఇద్దరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వారు. ఎనిమిది నెలల్లో నాతో ఆడుతూ ఆమె అట్లా ఎగశ్వాసతో నవ్వలేదు. నాతో ఆడితే ఆమెకు ఆయాసమే రాలేదు. నేను చెట్టు కింద పుస్తకం తెరుచుకుని ఉన్నాను. పది రోజులూ అదే పేజీ.

బడులు తెరిచాక సుజాత వారంలో రెండు మూడు సాయంత్రాలు మా స్కూలుకు వచ్చేది. నేను పాయింట్లు లెక్కపెట్టేదాన్ని. సుజాత మంచిదే. నాకు నీళ్లు తెచ్చి ఇచ్చేది, మేడం మీరు ఆడండి అని పక్కకు జరిగేది. ఆ జరగడం నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఆ యేడు వనపర్తిలో మహిళా టీచర్లకు ఆటల పోటీలన్నారు. గెలిచినవాళ్లు మహబూబ్‌నగర్ పోవాలి. రెండు స్కూళ్ల వాళ్లు కలిసి జట్టు కట్టొచ్చు, ఒక మనిషికి ఒక్క ఆటే. పేర్లు ముందుగా రాసి పంపాలి. స్కూల్లో ఏ కాగితమైనా నేనే రాసేదాన్ని. నా దస్తూరి బాగుంటుందని పెద్దసారు చదవకుండానే సంతకం పెట్టేవారు.

"రాసుకో పండిత్ మేడం," అంది ఆమె. "రింగు డబుల్స్. నేను, సుజాత."

నేను కలం పట్టుకుని ఉండిపోయాను. ఆమెకు అర్థమైంది. దాచిపెట్టే మనిషి కాదు కదా, చెప్పేసింది. "నువ్వు రెండు చేతులు వెడ్తవే. నాది కుడి, దానిది ఎడమ, నడుమ సందు లేదు. జర గెల్వాలని ఉంది నాకు, ఒక్కసారి. నీకు కోపమొచ్చిందా?"

"ఎందుకొస్తది?" అన్నాను.

తర్వాతి గంట ఆమెకు క్లాసు. నేను ఒక్కదాన్నే కూర్చుని రాశాను. ఆమె పేరు నిమ్మకాయ చెంచా ఎదురుగా రాశాను. నా పేరు ఏ ఆటకూ రాసుకోలేదు. నేను ఆడాలని కాదు అది. ఆమె సుజాతతో ఆడకూడదని. పెద్దసారు సంతకం పెట్టారు. కాగితం పోయింది. పోటీలకు ముందు పన్నెండు రోజులున్నాయి. ఏ రోజైనా వనపర్తికి పోయి మార్పించవచ్చు. ఆ పన్నెండు రోజులూ వాళ్లిద్దరూ బస్సు వచ్చేదాకా ఆడుతుంటే పాయింట్లు లెక్కపెట్టాను.

వనపర్తిలో గ్రౌండు నిండా చీరలు. సుజాత నీలంరంగు చీర కట్టుకుని, జడ బిగించి, పొద్దున్నే వచ్చి మా కోసం చూస్తూ ఉంది. రింగు డబుల్స్ పిలిచినప్పుడు ఇద్దరూ టేబుల్ దగ్గరికి పోయారు. నేను నాలుగడుగుల వెనక ఉన్నాను.

"మీ పేరు దీంట్ల లేదు మేడం," అన్నారు లిస్టు పట్టుకున్న సారు. "ఆ మేడం పేరు వాళ్ల స్కూలు లిస్టుల ఉంది. మీ స్కూలు వాళ్లు మిమ్మల్ని నిమ్మకాయ చెంచాల రాసిండ్రు."

"యాడ రాసిండ్రు?"

"నిమ్మకాయల మేడం."

"తప్పు వడ్డది సార్. మార్చుండ్రి."

"మార్చేది లేదు మేడం. మీకు మారిస్తే అందరూ మార్చమంటరు. లిస్టుల ఎట్లుంటే గట్లనే."

"సార్, సార్, జర చూడుండ్రి," అని సుజాత బతిమాలింది. ఆయన తర్వాతి జట్టును పిలిచారు.

ఆమె వంగి కాగితం చూసింది. తలెత్తి నన్ను చూసింది. ఎంతోసేపు చూడలేదు. సుజాతను చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి ఏదో చెప్పింది. నాకు వినబడలేదు. సుజాత తల ఊపింది. తర్వాత ఆమె చెప్పులు విప్పి పక్కపక్కన పెట్టి, గాజులు మోచేతి దాకా తోసుకుని, కొంగు నడుముకు రెండు చుట్లు చుట్టి, నిమ్మకాయ పందెం గీత దగ్గర నిలబడింది.

విజిల్ ఊదగానే ఆమె పరుగెత్తింది. మిగిలినవాళ్లంతా మెడ బిగపట్టి చిన్న చిన్న అడుగులు వేస్తుంటే, ఆమె నోట్లో చెంచాతో నిజంగా పరుగెత్తింది. నాలుగో అడుగులో నిమ్మకాయ పడింది. పడితే మొదటికి రావాలి. వచ్చింది. మళ్లీ పరుగెత్తింది. మళ్లీ పడింది. జనం నవ్వారు. పందెం అయిపోయింది, గెలిచినవాళ్ల పేర్లు చదివారు. ఆమె మళ్లీ గీత దగ్గరికి వచ్చింది. "చాలు మేడం, అయిపోయింది," అని మైకులో చెప్పారు. ఆమె తల అడ్డంగా ఊపింది, చెంచా నోట్లోనే ఉంది. కుర్చీలాటకు కుర్చీలు తెచ్చి వేస్తుంటే వాటి మధ్య నుంచి పరుగెత్తింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. అన్నాళ్లూ లెక్కపెట్టడమే పనిగా ఉన్నదాన్ని, అప్పుడు పెట్టలేకపోయాను. నవ్వులు ఆగిపోయాయి. చివరికి ఒకసారి నిమ్మకాయ పడలేదు. గీత దాటి చెంచా తీసి, నా దగ్గరికి వచ్చి నిమ్మకాయ నా చేతిలో పెట్టింది.

"పట్టుకో. ఒక్క చేత్తోని పట్టుకో," అంది.

తిరుగు బస్సులో సుజాత మా ముందు సీట్లో కూర్చుంది. కొత్తకోటలో దిగుతూ, "ఏం గాదక్కా, వచ్చే యేడు ఆడ్దం," అంది. బస్సు కదిలాక ఆమె నోరు విప్పింది.

"నీ అక్షరం నాకు తెల్వదా? నా మీద కోపముంటే నన్ను తిట్టొచ్చు. దాని ఆట ఎందుకు చెడగొట్టినవ్?"

నేను నిమ్మకాయను సంచిలో పెట్టుకున్నాను.

"నేనెవ్వరికీ చెప్ప. నువ్వే చెప్పాలె దానికి. ఫౌల్ ఎవరిదైతే వాళ్లే చెప్పాలె."

నేను ఆత్మకూరులో దిగిపోయాను. మర్నాడు సాయంత్రం ఎప్పటిలాగే తాడు కట్టి, "రా పండిత్ మేడం," అంది. నాకు అది క్షమించడమో, క్షమించకపోవడమో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత సుజాత రావడం నిలిచిపోయింది. మరుసటి యేడు పోటీలకూ రాలేదు. ఎందుకని నేను అడగలేదు. రాకపోవడమే నాకు కావలసింది. అక్క నన్ను మూడుసార్లు అడిగింది, "చెప్పినవా?" అని. మూడుసార్లూ లేదన్నాను. నాలుగోసారి అడగలేదు. అడగడం మానేశాక ఆ ప్రశ్న నాకు మరీ ఎక్కువగా వినబడింది. తర్వాత బదిలీలొచ్చాయి. ఆమె గద్వాలకు, నేను నాగర్‌కర్నూలుకు. పోయేముందు రింగు నాకిస్తుందనుకున్నాను. సుజాతకిచ్చిందని తర్వాత తెలిసింది.

ఆమె పోయిన ఎనిమిదో రోజున గద్వాలలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. చర్చిలో ముందు వరుసకు ఎదురుగా బల్ల, దాని మీద ఆమె ఫోటో, బైబిలు. సుజాత సంచిలోంచి రింగు తీసి ఫోటో పక్కన పెట్టింది. అరిగి నున్నగా అయింది. అది అక్కడ ఉండటం న్యాయమే. తెచ్చింది నేను కాదన్నదే నా బాధ.

ప్రార్థన అయ్యాక పాస్టరు గారు అక్క గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. సుజాత లేచింది.

"మేమిద్దరం వనపర్తిల ఆడాలె ఒకసారి," అంది. "లిస్టుల పేరు తప్పు వడ్డది. అక్క నన్ను పక్కకు తీస్కపోయి, 'నేనే మతిలేక తప్పు చెప్పిన సుజాతా, ఎవ్వరినీ అనకు, ఫౌల్ నాదే' అన్నది. తప్పు చేసినందుకు తనకు తనే శిక్ష వేస్కున్నట్టు గా ఎండల నిమ్మకాయ వెట్టుకోని ఉరికింది. గసొంటి మనిషిని నేను మళ్ల చూడలే." ఇంకా చెప్పబోయి ఏడ్చి కూర్చుంది.

పాస్టరు గారు నా వైపు చూశారు. "మీరు తెలుగు టీచరమ్మ గదా, మీరు చెప్పండి." నేను లేచాను. చెప్పడానికి బస్సులో ఒక వాక్యం సిద్ధం చేసుకుని వచ్చాను. ఆమె ఎన్నడూ అబద్ధం ఆడలేదు అన్నది ఆ వాక్యం. అది ఇప్పుడు చెప్పడానికి లేదు. నాకు ఇంకో వాక్యం దొరకలేదు. చేతులు జోడించి కూర్చున్నాను.

భోజనాలయ్యాక సుజాత రింగు తీసుకుని గేటు దగ్గర ఆటో కోసం నిలబడింది. అక్క చేతికి ఉన్నట్టే రింగు ఎడమచేతికి వేలాడుతోంది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"సుజాతా, ఆ లిస్టు రాసింది నేను."

"తెల్సు మేడం. అక్క చెప్పిందే గదా మీరు రాసింది."

"అక్క రింగనే చెప్పింది. నేనే నిమ్మకాయ అని మార్చి రాసిన. ఫౌల్ నాదే."

సుజాతకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఎందుకు మేడం?" అంది.

"నువ్వు ఆమెతోని ఆడొద్దని."

ఒక ఆటో వచ్చి ఆగింది. సుజాత ఎక్కలేదు. అది పోయింది.

"ఆ రోజు నేను మా ఇంట్ల కొట్లాడి వచ్చిన మేడం," అంది. "ఉత్తగ కూసోని వచ్చినవా అని మా అత్త నవ్వింది. మళ్ల ఎన్నడు నన్ను ఆటకు పోనియ్యలే."

క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు. తిడుతుందేమోనని చూశాను. సుజాత నన్ను చూడటం లేదు. వేరే ఏదో లెక్క చూసుకుంటున్నట్టు రోడ్డు వైపు చూస్తోంది.

"అంటే అక్క నాకు అబద్ధం చెప్పింది," అంది.

"అవును."

"ఎన్నడు అబద్ధమాడని మనిషి. మీ కోసం ఆడింది."

ఆ మాట వినగానే నాకు సంతోషమైంది. ఇన్నేళ్లలో నేనడగని, నాకు దక్కదనుకున్నది ఒకటి దక్కినట్టయింది. వెంటనే సిగ్గు కూడా కలిగింది. కాని ముందు సంతోషమే. ఈ వరుస కూడా మంచిది కాదు.

సుజాత వైపు తిరిగాను. ఆమె కోపంగా లేదు. ఏడవడం లేదు. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు, ఆ ట్రైనింగు రోజుల నుంచీ నేను మోసినదే. రింగు ఇప్పుడు ఆమె ముంజేతి మీద లేదు. గుండెకు ఆనించుకుని, రెండు చేతులతో పట్టుకుని ఉంది.